రష్యాలో, త్వేర్‌లో ఉన్న అమ్మలుకి

విజయవాడ,
డిసెంబరు 27

అమ్మలూ,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాలు ఎప్పటిలాగే ఉంది. నువ్వు ఫోన్ చేసి 16 రోజులైంది. పరీక్షలు కదా, నేనేం అడగను. సత్యంగారబ్బాయి మాత్రం, సెలవులకి నువ్వు కాత్య వాళ్ళ బామ్మగారి పల్లెకి వెళ్తున్నావని వాళ్ళమ్మతో అన్నాడట. మంచిదే. వెళ్ళేదానివి కూర్చుని తినకుండా వంటింట్లో సాయం చెయ్యి.

31 రాత్రి ఒలీవ్యే సలాడ్ లేకుండా వాళ్ళకి గడవదు. ఆరుగురికి బంగాళాదుంపలు 4, క్యారెట్లు 2, గుడ్లు 4, ఉప్పునీళ్ళలో ఊరిన దోసకాయలు 4, డబ్బా బఠాణీ 1. దుంపలు తొక్కతోనే ఉడికించు. పూర్తిగా చల్లారాక బఠాణీ గింజంత ముక్కలు కొయ్యి, వేడిమీద కోస్తే ముద్దయిపోతాయి. దోసకాయ ముక్కల్లో నీళ్ళు పిండేసి వెయ్యి. మయొనీజ్ వడ్డించే ముందే కలపాలి, పొద్దున్నే కలిపితే సాయంత్రానికి నీరు ఊరుతుంది. వాళ్ళు అందులో వేసే సాసేజి నువ్వు తినవు కాబట్టి నీ గిన్నె ముందే వేరు తీసుకో. కలిపాక ఏరుకుంటూ కూర్చుంటే పెద్దావిడ నొచ్చుకుంటుంది.

ఖొలొదేత్స్, అదే మాంసం రసం పేరబెట్టి చేసేది, నీ జోలికి రాదులే, పొయ్యి దగ్గర కాపలా ఉంటే చాలు. పంది కాళ్ళు ఏడెనిమిది గంటలు సన్నసెగ మీద ఉడకాలి. కుతకుతలాడితే రసం మసకబారుతుంది, మధ్యలో నీళ్ళు పోస్తే పేరుకోదు. ఉప్పు చివర్న. పేరుకోవడానికి బాల్కనీలో మాత్రం పెట్టనివ్వకు, మైనస్ 20లో మంచుగడ్డయి, కరిగాక నీళ్ళోడుతుంది.

అసలు సంగతి కుత్యా, గోధుమలతో చేసే పాయసం లాంటిది. అక్కడి చర్చి పాత కేలండరు ప్రకారం నడుస్తుంది, మనకంటే 13 రోజులు వెనక. అందుకే వాళ్ళ క్రిస్మస్ జనవరి 7. 6న తొలి చుక్క పొడిచేదాకా ఉపవాసం, తర్వాత మొదటి ముద్ద ఇదే. పొట్టు తీసిన గోధుమలు గ్లాసుడు రాత్రంతా నానబెట్టి, 3 గ్లాసుల నీళ్ళలో గంటన్నర ఉడికించాలి. గసగసాలు 100 గ్రాములు మరిగే నీళ్ళలో నాననిచ్చి, వార్చి, తెల్లటి పాలు దిగేదాకా నూరు. మన గసగసాల పాయసానికి మీ అమ్మ రుబ్బినట్టే. గోధుమలు గోరువెచ్చనయ్యాకే తేనె, లేకపోతే వాసన పోతుంది. ఆ పైన కిస్‌మిస్, అక్రోట్లు. (గసగసాలు అక్కడే కొనుక్కో. దుబాయ్ మీదుగా వచ్చేవాళ్ళ చేత తెప్పించకు, దుబాయ్‌లో నిషేధం.)

మీ మావయ్య సంగతి తెలుసుగా. 1991 జనవరి 7న అక్కడ క్రిస్మస్‌కి చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ సెలవిచ్చారు. ముందురోజు వొరోనెజ్ హాస్టల్లో, మెట్ల దగ్గర తాళాల బల్ల ముందు కూర్చునే ముసలావిడ కోసం ఈయన కుత్యాకి దిగాడు. పొట్టున్న గోధుమలు తెచ్చి, నానబెట్టకుండా పొయ్యెక్కించాడు. మూడు గంటలైనా పంటికింద రాళ్ళే. మెత్తబడతాయని అర లీటరు పాలు పోశాడు! చుక్క పొడిచింది, గిన్నె పట్టుకెళ్ళాడు. ఆవిడ వాసన చూసి, చుక్క పొడిచినా పండగ తెల్లారేదాకా పాలు కూడదని మూత పెట్టేసింది. తిట్టలేదు. గిన్నెని రెండు కిటికీ అద్దాల మధ్య సందులో పెట్టి, తెల్లారి వేడి చేసి, పండగపూట పాలు పనికొస్తాయి కనుక, అందరికీ తలో చెంచా పంచింది. రాత్రంతా నాని గింజ మెత్తబడిందట. కాబట్టి పాలు, వెన్న, గుడ్డు 6న వంటింట్లోకి తీసుకురాకు. బామ్మగారికి ఉపవాసం ఉందో లేదో ముందే కాత్యని అడుగు. అడగడానికి మొహమాటమేమిటి? ఏ విషయమైనా అడగాలి, చెప్పాలి. ఎక్కడికి వెళ్తున్నా ఇంట్లో ఓ మాట...

సరే. ఊలు మేజోళ్ళు రెండు జతలు ఎక్కువ పెట్టుకో. ఉత్తచేతులతో వెళ్ళకు, నారింజలు రెండు కిలోలు తీసుకెళ్ళు. పల్లె పేరు, బామ్మగారింటి నంబరు మీ అమ్మకి పంపు. గోధుమలు నానబెట్టిన రాత్రి ఫోన్ చెయ్యి. నీకు ఎనిమిదైతే మాకు పదిన్నర, మేలుకునే ఉంటాం.

నాన్న