లినక్స్ ఎక్కించే శిబిరం నల్లగొండలో పెట్టాలి

సంపాదకుడు గారికి,

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపు ఎనిమిదో తరం నుంచే పనికొస్తుంది. నల్లగొండలో జిరాక్స్ షాపుల్లో, డిగ్రీ పిల్లల చేతుల్లో అంతకంటే పాత సిస్టంలు చాలానే ఉన్నాయి. వాటిని తూకానికి అమ్ముకోనక్కరలేదు. విండోస్ బదులు వేసుకునే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఉంది. అందులో ఒక రకమైన లినక్స్ మింట్ ఉచితంగా దొరుకుతుంది, 4 జీబీ ర్యామ్ ఉంటే చాలు. కానీ దాన్ని ఎక్కించుకోవడమంటేనే కొత్తవాళ్లకు టెన్షన్.

అందుకే ఎన్జీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌ను ఒక ఆదివారం ఇవ్వాలని కోరుతున్నాను. ఊరి బయటున్న మహాత్మాగాంధీ యూనివర్సిటీ విద్యార్థులు సాయానికి రావచ్చు. శిబిరం మాత్రం ఊళ్లోనే జరగాలి, సీపీయూ ఒళ్లో పెట్టుకొని ఆటోలో అంతదూరం ఎవరు పోతారు?

వేదిక, శాలువాలు, ఉపన్యాసాలు వద్దు. కావలసినవి ప్లగ్ పాయింట్లు, మానిటర్లు, కీబోర్డులు, ముందే సిద్ధం చేసిన పెన్‌డ్రైవ్‌లు. మింట్ ఫైలే దాదాపు 3 జీబీ ఉంటుంది, అందరూ అక్కడే డౌన్‌లోడ్ మొదలుపెడితే మధ్యాహ్నమైనా పని మొదలుకాదు.

అన్నిటికంటే ముఖ్యం బ్యాకప్. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్ మొత్తం చెరిపే ఆప్షన్ నొక్కితే పిల్లల ఫొటోలు, షాపు లెక్కలు అన్నీ పోతాయి. కాబట్టి ముందు ఫైళ్లు వేరే డిస్కులోకి ఎక్కించాలి. బిట్‌లాకర్ (డిస్క్‌లోని ఫైళ్లకు విండోస్ వేసే తాళం) ఉన్న ల్యాప్‌టాప్ అయితే రికవరీ కీ రాసుకొని రమ్మని ముందే చెప్పాలి. బ్యాకప్ లేనివాళ్లకు ఆ రోజు ఇన్‌స్టాల్ చేయకూడదు, వాళ్లెంత బతిమాలినా సరే. పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడిపి వైఫై, ప్రింటర్ పనిచేస్తున్నాయో చూపించి పంపాలి. దాంతో హార్డ్ డిస్క్‌లో ఏమీ మారదు.

దాచకూడని మాట ఇంకొకటి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పనిచేసే మాలాంటి డీటీపీ వాళ్లకు, ట్యాలీ మీద ఆధారపడ్డ వ్యాపారులకు ఇది ఉన్నపళంగా కుదరదు, అవి లినక్స్‌లో నేరుగా నడవవు. నా ఇంటి సిస్టంలో లినక్సే ఉంది, షాపులో మాత్రం విండోస్ తీయలేదు. లినక్స్‌లో ఎంఎస్ ఆఫీస్ బదులు వాడే లిబ్రేఆఫీస్‌లో వర్డ్ ఫైళ్లు తెరుచుకుంటాయి గానీ టేబుళ్లు అప్పుడప్పుడు చెదురుతాయి. తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎలాగూ ఉంటుంది. ఇవన్నీ గుమ్మంలోనే చెప్తే తర్వాత తిట్లు తప్పుతాయి.

ఆ ఒక్కరోజుతో చేతులు దులుపుకోవద్దు. కేరళ ప్రభుత్వ బడుల్లో ఉబుంటు అనే లినక్స్ ఆధారిత వ్యవస్థ ఏళ్లుగా నడుస్తోందంటే, అక్కడ టీచర్లకు శిక్షణ కూడా ఇచ్చారు. మన దగ్గర వారం తిరక్కుండానే ఎవరికో ప్రింటర్ మొరాయిస్తుంది. అడగడానికి మనిషి లేకపోతే నేరుగా రిపేరు షాపుకెళ్లి పైరేటెడ్ విండోస్ వేయించుకుంటారు. అందుకే ఆ తర్వాతి నాలుగు ఆదివారాలు అదే ల్యాబ్‌లో రెండు గంటలు ఎవరో ఒకరు కూర్చోవాలి.

డిగ్రీ పరీక్షలు అయ్యాక ఏ ఆదివారం పెట్టినా ఎక్స్‌టెన్షన్ బాక్సులు, ఒక పాత మానిటర్ నేను తెస్తాను.

– ఒక డీటీపీ ఆపరేటర్, నల్లగొండ