రాజమండ్రి స్కానింగులో ఆ నీలంచొక్కా బాబుకి, ఇంకా అందరికీ

రాత్రి బాగా పొద్దుపోయాక రాజోలు చేరామండి. నిద్ర పట్టలేదు. పొద్దుటి నుంచీ ఫోన్లే ఫోన్లు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. పాప బాగానే ఉంది. ఇప్పట్లో ఆపరేషను అక్కర్లేదన్నారు.

జబ్బు పేరు కియారి. చిన్నమెదడు కింది కొస పుర్రె అడుగున ఉండే రంధ్రం దాటి మెడలోకి కాస్త జారి ఉంటుందట. మామూలుగా ఐదు మిల్లీమీటర్లు దాటితే ఈ పేరు పెడతారట, మా పాపకి ఆరు. దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా తల వెనక పోటు. పద్నాలుగేళ్ళ పిల్ల, ఈ ఏడు లంగాలన్నీ పొట్టైపోయేంత సాగింది, దాంతోపాటే నొప్పీ పెరిగింది. కళ్ళజోడు రాశారు, సైనస్ అన్నారు, చివరికి బడి ఎగ్గొట్టే వేషాలన్నారు. అలా అన్నవాళ్ళలో చదువుకున్నవాళ్ళే ఎక్కువ.

ఇక స్కానింగు తీసిన ఆ నీలంచొక్కా బాబు సంగతి. పాతికేళ్ళుంటాయేమో. చీటీలో మెదడు ఒక్కటే రాసి ఉంటే, ఆయనే డాక్టరుగారికి ఫోన్ చేసి "వెన్ను మొత్తం కూడా తీయమంటారా సార్" అని అడిగారు. ఈ జబ్బున్నవాళ్ళలో కొందరికి వెన్నుపాములో నీరు చేరుతుందట, అదీ చూడాలట. ఆయన అడక్కపోతే మళ్ళీ బస్సెక్కాల్సిందే. నా గాజులూ పిన్నీసులూ పుస్తెలూ తీయించి, పాప కాళ్ళ దగ్గర కుర్చీ వేశారు. ఆ మిషను రైసుమిల్లులా మోగుతూనే ఉంది. మైకులో మాత్రం "ఇంకొక్కటేనమ్మా" అని ఆయన గొంతు వినిపిస్తూ ఉంది.

మధ్యలో పాపకి దగ్గొచ్చింది. కదిలితే బొమ్మ చెడిపోతుంది, మళ్ళీ తీయాలి. మిషను ఆపి బల్ల బయటికి లాగారు. తిడతారని నేను బిగుసుకుపోయాను. ఆయన దాన్ని లేపి కూర్చోబెట్టి, దగ్గు రాకముందే అరచెయ్యి దాని తల వెనక ఆనించి, "ఇప్పుడు దగ్గమ్మా, తొందరేం లేదు" అన్నారు. నొప్పి ఎక్కడో ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయనా మమ్మల్ని అడగలేదు. ఇన్నాళ్ళూ నటన అనిపించుకున్న పిల్ల తల వెనక ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి చెయ్యి. అక్కడే భోరున ఏడ్చేశానండి. ఆయన డ్యూటీ అప్పటికే అయిపోయిందని తర్వాత ఆయా చెప్పింది. పై వాళ్ళు ఏమంటారోనని పేరు రాయడం లేదు. బాబూ, నువ్వు చల్లగా ఉండాలి.

మా ఆయన, అత్తయ్యగారు, తమ్ముడు ఉన్నారు. వాళ్ళకి వేరే దండాలు చెప్పక్కర్లేదు.

వెన్నులో నీరు లేదు. పెరిగే వయసు కాబట్టి ఏడాదికి మళ్ళీ స్కానింగు తీయాలి, వీపు వంకర తిరుగుతోందేమో చూస్తుండాలి. చేతులు తిమ్మిరెక్కినా, వేడీ చల్లనా తెలియకపోయినా, మింగుడు పడకపోయినా వెంటనే రమ్మన్నారు. అందుకే టీగ్లాసు ఇచ్చిన ప్రతిసారీ "కాలుతోందా" అని అడుగుతున్నాను, విసుక్కుంటోంది. కబడ్డీ, పిల్లిమొగ్గలు బంద్. నడక మంచిదే అన్నారు.

ఒక్కమాట అనకుండా ఉండలేను. ఆపరేషను లేదు కాబట్టి మా వైద్యం ఖర్చుల కార్డు ఈ స్కానింగుకి చెల్లదని కౌంటర్లో చెప్పారు. మరి ఏటేటా స్కానింగు డబ్బులు ఎవరివి? కొబ్బరికాయ రేటు చూస్తే మీకు తెలియందేముంది. హాన్స్ కియారి అనే డాక్టరు 1891లోనే రాసిపెట్టిన జబ్బట ఇది. మా ఊరి పిల్ల దగ్గరికొచ్చేసరికి వేషాలైపోయింది!

అయ్యో, తెలుగు మాస్టారిని మర్చిపోయాను. తల వాల్చుకుని రాసుకోనిచ్చింది ఆయనొక్కరే. గోతుల్లో మెల్లగా తోలిన ఆటో అబ్బాయి, మాత్రలు అప్పిచ్చిన మందులషాపు బాబాయిగారు, స్కానింగు దగ్గర ఆయా, అందరికీ దండాలు. రావులపాలెం బస్టాండులో జరిగి చోటిచ్చి పులిహోర పెట్టిన మామ్మగారూ, మీ క్యారేజీ మూత మా సంచిలో వచ్చేసింది. మీది కొత్తపేట వైపన్నట్టు గుర్తు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, మా తమ్ముడు తెచ్చిస్తాడు.