కుందేలు కంటికి మనుషుల చుక్కలా?

సంపాదకులు గారికి,

కడపలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడే మాకు ఈమధ్య ఒక కొత్త రకం బేరం తగులుతోంది: కుందేలు కంటికి చుక్కల మందు. అపార్ట్‌మెంట్లో కుక్కను పెంచలేక, పిల్లల మారాం తట్టుకోలేక కుందేళ్ళు కొంటున్నారు. కంట్లో నీళ్ళు కారితే నేరుగా మెడికల్ షాపుకు వస్తున్నారు. మొన్న ఒక అబ్బాయి కుందేలును బిస్కెట్ల అట్టపెట్టెలో తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. ఎడమ కన్ను సగం మూసుకుపోయింది. కంటి కింద బొచ్చు తడిసి ముద్దకట్టి, అక్కడక్కడా ఊడి చర్మం కనిపిస్తోంది. ముఖం తుడుచుకుని తుడుచుకుని ముందుకాళ్ళ లోపలివైపు కూడా బంకబంకగా ఉంది. "అన్నా, మా జేజికి కండ్ల ఆపరేషన్ అయినప్పుడు ఇచ్చిన చుక్కలు మిగిలుండాయి, అవి వేస్తే సాలదా?" అని అడిగాడు.

చాలకపోవడం అటుంచి, కన్నే పోవచ్చు. శుక్లాల ఆపరేషన్ తర్వాత రాసే చుక్కల్లో సాధారణంగా స్టెరాయిడ్ ఉంటుంది. గడ్డిపోచ గుచ్చుకునో, గోరు గీరుకునో నల్లగుడ్డు మీద పుండు పడి ఉంటే, స్టెరాయిడ్ దాన్ని మాననివ్వదు, ఇంకా లోతు చేస్తుంది. చిన్న పుండు ఊరికే చూస్తే కనపడదు. ఫ్లోరెసిన్ అనే రంగు కాగితాన్ని తడిపి కంటికి తాకించి నీలం లైటు వేస్తే, పుండు ఉన్నచోట ఆకుపచ్చగా మెరుస్తుంది. నిమిషాల పని, పెద్ద ఖర్చు లేదు. అది చేయకుండా చుక్కలు వేయడం గుడ్డిగా రాయి విసరడమే.

అసలు కుందేలుకు వచ్చే కంటి జబ్బు చాలాసార్లు పంటి జబ్బు. దాని పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. రోజంతా గడ్డి నమిలితేనే అరుగుతాయి. మనం బిస్కెట్లు, బ్రెడ్డు, క్యారెట్ పెట్టి ముద్దుచేస్తాం. పళ్ళు అరక్క, పంటి వేర్లు పైకి పెరిగి కన్నీటి గొట్టాన్ని నొక్కేస్తాయి. మనకు ఒక్కో కంటికి నీరు దిగే రంధ్రాలు రెండు, కుందేలుకు ఒకటే. అది పూడిందంటే కంటి మూలలో పాలలాంటి చీము మొదలవుతుంది. డాక్టరు తిమ్మిరి చుక్క వేసి, సన్నటి గొట్టంతో సెలైన్ పంపి ఆ దారిని కడగాలి. నోరు తెరిచి దవడ పళ్ళు చూడాలి, అవసరమైతే తల ఎక్స్‌రే తీయాలి. కన్ను ముందుకు పొడుచుకొస్తే లోపల పంటి వేరు దగ్గర చీముగడ్డ ఉందేమో అనుమానించాలి. రెండు కళ్ళూ కలిసి నీరు కారుతుంటే ముందు బోను వాసన చూడండి, ఉచ్చ ఘాటుకే కళ్ళు మండుతుండవచ్చు.

తెల్ల కుందేలును పట్టుకుని "కన్ను ఎర్రబడింది సార్" అని టెన్షన్ పడుతూ వచ్చేవాళ్ళూ ఉన్నారు. వాటి కళ్ళ రంగే అది. చూడాల్సింది రెప్ప లోపలి ఎరుపు.

నందివర్ధనం పూల రసం, ఆముదం వంటివి దాని కంట్లో పోయకండి. సెలైన్‌లో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. పిల్లల అమాక్సిసిలిన్ సిరప్ తాగించడం మరీ ప్రమాదం, పేగుల్లో మేలు చేసే క్రిములు చచ్చి కుందేలు ప్రాణానికే మోసం వస్తుంది. పూట గడిచినా మేత ముట్టకపోతే మర్నాటి దాకా ఆగొద్దు.

సరే, డాక్టరు ఎక్కడ? పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేస్తే బర్రెకూ గొర్రెకూ ఇంటి దగ్గరికే బండి వస్తుంది, సంతోషం. పశువుల ఆస్పత్రికి కుందేలును తీసుకుపోతే మాత్రం "దీనికి మా దగ్గర ఏమీ లేదు" అన్నారని తిరిగొచ్చినవాళ్ళు చెబుతున్నారు. పశువుల భారమంతా మోసే డాక్టర్లను తప్పుపట్టలేం. కానీ మన జిల్లాలోనే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. కడప నుంచి యాభై కిలోమీటర్లకు పైనే. చెమట పట్టని ఈ జీవిని మే నెల ఎండలో బస్సులో అంతదూరం తీసుకుపోతే కంటికంటే ముందు వడదెబ్బ తగులుతుంది. కళాశాల వాళ్ళు, పశుసంవర్ధక శాఖ కలిసి వారానికో పూట కడప పశువుల ఆస్పత్రిలో ఒక గదిలో చిన్న పెంపుడు జంతువులను చూసే ఏర్పాటు చేయాలి. ఆ గదిలో రంగు కాగితాలు, నీలం లైటు, దవడ పళ్ళు చూసే పరికరం ఉంటే సగం పని జరుగుతుంది.

పెంపుడు జంతువుల దుకాణాలకు 2018లో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో కుందేలు కూడా ఉంది. రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు. అమ్మేచోట్ల అధికారులు దీన్ని తనిఖీ చేయాలి. గడ్డే ప్రధాన మేత అని రాసిన తెలుగు కాగితం ఒకటి కొన్నవాళ్ళ చేతిలో పెట్టించాలి. గరిక మన ఊళ్ళో కొనాల్సిన వస్తువేమీ కాదు.

తోటి షాపుల వాళ్ళకు ఒక మాట. స్టెరాయిడ్ చుక్కలు, యాంటీబయాటిక్‌లు చీటీ మీదే ఇవ్వాలన్నది మనిషికైనా కుందేలుకైనా ఒకటే రూలు. చీటీ లేకుండా వచ్చినవాళ్ళకు సెలైన్ ఇచ్చి ఆస్పత్రికి పంపండి.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
కడప