ఏ పరికరం దేనితో పనిచేస్తుందో అందరం కలిసి రాసిపెట్టుకుందాం

సంపాదకులకు నమస్కారం.

కొత్త కంప్యూటర్ల మీద, వాటి విడిభాగాల మీద పత్రికల్లో సమీక్షలు తరచుగా వస్తున్నాయి. వేగం ఎంత, తెర ఎలా ఉంది, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది అన్న వివరాలు వాటిలో దొరుకుతాయి. కానీ తన దగ్గర ఇప్పటికే ఉన్న కంప్యూటర్‌కు, తాను వాడుతున్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఆ పరికరాన్ని తగిలిస్తే పనిచేస్తుందా, లేదా అని అడిగే పాఠకుడికి వాటిలో జవాబు ఉండదు. ఆ జవాబును వాడేవాళ్లే తలా ఒక చెయ్యి వేసి పోగుచేయాలని, దాన్ని ఎవరైనా ఉచితంగా చూడగలిగే ఆన్‌లైన్ డేటాబేస్‌గా నిలబెట్టుకోవాలని, పునాది దగ్గర చేసే పొరపాట్లను తరవాత దిద్దుకోవడం కష్టం కనుక దాని నిర్మాణం గురించి ముందే ఆలోచించుకోవాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

పాత కంప్యూటర్లకు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, అవసరం ఉన్నవారికి అందించే పనిలో నేను కొన్నేళ్లుగా ఉన్నాను. ఒకసారి ఒక యూఎస్‌బీ వైఫై అడాప్టర్ తగిలించగానే పనిచేసింది. సంతోషించి, అదే కంపెనీ, అదే మోడల్ నంబరు చూసుకుని మరో నాలుగు తెప్పించాను. నాలుగింటిలో ఒక్కటీ పనిచేయలేదు. పెట్టె అదే, దాని మీది బొమ్మ అదే. వెనకవైపు అంటించిన చీటీ మీద చిన్న అక్షరాల్లో 'వెర్షన్ 2' అని ఉందని, లోపలి చిప్‌ను కంపెనీ మార్చేసిందని తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. నాకంటే ముందు ఎక్కడో ఎవరో ఇదే విషయం మీద రెండు రోజులు పోగొట్టుకునే ఉంటారు. వాళ్లు కనుక్కున్నది నాకు చేరలేదు, నేను కనుక్కున్నది ఆ తరవాతి మనిషికి చేరే దారీ అప్పట్లో నాకు కనిపించలేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఈ రెండో సంగతే.

ఇది అరుదైన విషయం కాదు. లింక్‌సిస్ కంపెనీ రూటర్లలో డబ్ల్యూఆర్‌టీ54జీ అనే మోడల్ బాగా పేరు పొందింది. లోపల లినక్స్ నడిచేది కాబట్టి దానికి సొంతంగా ఫర్మ్‌వేర్ (పరికరాన్ని లోపలి నుంచి నడిపే ప్రోగ్రాము) రాసుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. అయితే నాలుగో వెర్షన్ దాకా 4 ఎంబీ ఫ్లాష్ (ఫర్మ్‌వేర్ నిల్వ ఉండే చోటు), 16 ఎంబీ ర్యామ్ ఉండగా 2005లో వచ్చిన ఐదో వెర్షన్‌లో అవి సగానికి, అంటే 2 ఎంబీకి, 8 ఎంబీకి తగ్గాయి. లినక్స్ స్థానంలో వీఎక్స్‌వర్క్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చింది. మోడల్ పేరు మాత్రం మారలేదు. రూటర్లకు స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ తయారుచేసే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ బృందం తన హార్డ్‌వేర్ పట్టికలో ప్రతి వెర్షన్‌నూ వేరే వరుసగా రాసుకునేది ఇందుకే.

కంటికి ఒకేలా కనిపించేవి ఒకదానితో ఒకటి పొసగకపోవడం ఇంకో చిక్కు. ఇంటెల్ 8వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151. దాని ముందరి రెండు తరాల సాకెట్ పేరూ అదే. అయినా 2017లో వచ్చిన ఆ ప్రాసెసర్లకు 300 వరుస చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్) ఉన్న మదర్‌బోర్డే కావాలి, 100, 200 వరుసల బోర్డులు వాటికి పనికిరావు. చిన్న డిస్కులు, కార్డులు తగిలించే ఎం.2 స్లాట్ సంగతీ అలాంటిదే. సాటా, ఎన్‌వీఎంఈ అనే రెండు వేర్వేరు పద్ధతుల్లో పనిచేసే డిస్కులు అదే ఆకారంలో దొరుకుతాయి, కానీ కొన్ని బోర్డులు వాటిలో ఒక రకాన్నే గుర్తిస్తాయి. కొన్ని ల్యాప్‌టాప్‌ల బయాస్‌లో (యంత్రం ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రాములో) అనుమతించిన వైఫై కార్డుల జాబితా ముందే రాసి ఉంటుంది, అందులో లేని కార్డు పెడితే యంత్రం బూట్ కావడానికే ఒప్పుకోదు. కాబట్టి ఒక పరికరాన్ని విడిగా చూసి అనుకూలమనో కాదనో చెప్పలేము. ఆ మాట ఎప్పుడూ ఒక జతను గురించి, చాలాసార్లు ముగ్గురు నలుగురు సభ్యులున్న ఒక జట్టును గురించి చెప్పవలసినది. డేటాబేస్‌లో నమోదు కావలసినదీ ఆ జట్టే.

ఇక ఆ నమోదు దేని ఆధారంగా జరగాలి? మోడల్ పేరును ఆధారం చేసుకుంటే నా అడాప్టర్ల కథే మళ్లీ జరుగుతుంది. అదృష్టవశాత్తూ పీసీఐ (కంప్యూటర్ లోపల తగిలించే కార్డులు), యూఎస్‌బీ పరికరాలు కంప్యూటర్‌తో మాట్లాడేటప్పుడు తమ గుర్తింపు సంఖ్యలను తామే చెబుతాయి. ఒక్కొక్కటి నాలుగు స్థానాల హెక్సాడెసిమల్ (0-9 అంకెలు, A-F అక్షరాలతో రాసే) సంఖ్యగా ఉండే వీటిలో మొదటిది కంపెనీది, రెండోది పరికరానిది. పీసీఐలో ఇంటెల్ సంఖ్య 8086 (1978లో వచ్చిన ఆ కంపెనీ ప్రాసెసర్ పేరూ అదే). లినక్స్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ, ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అనే ఆదేశాలు ఇస్తే, విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి పరికరం వివరాల్లో హార్డ్‌వేర్ ఐడీలు చూస్తే ఈ సంఖ్యలు కనిపిస్తాయి. ఏ సంఖ్య ఏ పరికరానిదో చెప్పే జాబితాలను స్వచ్ఛంద కార్యకర్తలు ఎన్నో ఏళ్లుగా నిర్వహిస్తున్నారు. మన పని ఆ జాబితాల మీద ఆధారపడాలి. సంఖ్య మారకుండానే లోపలి చిప్‌ను మార్చిన సందర్భాలూ లేకపోలేదు కనుక పీసీఐ కార్డులకు ఉండే ఉపవ్యవస్థ సంఖ్యలు, రివిజన్, పెట్టె మీది వెర్షన్ కూడా పక్కనే రాసుకోవాలి. ర్యామ్‌కు ఇలాంటి గుర్తింపు సంఖ్య ఉండదు గానీ, దాని మీద ఉండే ఎస్‌పీడీ అనే చిన్న చిప్‌లో తయారీదారు పేరు, పార్ట్ నంబరు దొరుకుతాయి. మనుషులు టైపు చేయవలసింది ఎంత తగ్గితే తప్పులు అంత తగ్గుతాయి.

'పనిచేస్తుంది' అన్న ఒక్క మాటతో ఎవరికీ ఉపయోగం లేదు. ఒక ల్యాప్‌టాప్‌లో వైఫై, శబ్దం, కెమెరా అన్నీ బాగానే ఉండి, మూత మూసి తెరిచాక యంత్రం మేలుకోకపోవచ్చు. ఒక ప్రింటర్ చక్కగా అచ్చువేస్తూ, దానిలోని స్కానర్ మాత్రం మొరాయించవచ్చు. స్కానర్ల డ్రైవర్లు (పరికరాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌తో మాట్లాడించే ప్రోగ్రాములు) రాసే సేన్ ప్రాజెక్టు ఇందుకు మంచి పద్ధతి పాటిస్తోంది. ప్రతి పరికరానికి సంపూర్ణం, మంచి స్థాయి, ప్రాథమికం, కనీసం, మద్దతు లేదు, పరీక్షించలేదు అన్న స్థాయుల్లో ఏదో ఒకటి రాస్తుంది. ఈ చివరి రెండింటినీ విడిగా ఉంచడంలోని నిజాయితీ నాకు చాలా నచ్చింది. ఎవరూ పరీక్షించకపోవడం వేరు, పరీక్షించి పనిచేయదని తేల్చడం వేరు. పనిచేయని సందర్భాలను నమోదు చేయడానికి జనం ముందుకు రారు, సమస్య తీరనప్పుడు నిరాశతో వదిలేసి వెళ్లిపోతారు. వాళ్ల చేత ఆ రెండు ముక్కలు రాయించగలిగితే డేటాబేస్ విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ప్రతి నివేదికకూ తేదీ, ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్, కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కీలక భాగం) వెర్షన్, ఫర్మ్‌వేర్ వెర్షన్ తప్పనిసరి కావాలి. నా నాలుగు అడాప్టర్లకు తరవాతి కెర్నెల్ ఒకదానిలో డ్రైవర్ చేరింది, ఇప్పుడు అవి నిక్షేపంగా పనిచేస్తున్నాయి. అప్పటి 'పనిచేయదు', ఇప్పటి 'పనిచేస్తుంది' రెండూ నిజమే, కాబట్టి రెండూ ఉండాలి. ఇది వెనక్కి కూడా నడుస్తుంది. 2013లో వచ్చిన లినక్స్ 3.8తో 386 ప్రాసెసర్లకు మద్దతు ఆగిపోయింది. డెబియన్ వంటి లినక్స్ వ్యవస్థల విధానాలు మారినా ఫలితం మారుతుంది. 2023లో విడుదలైన డెబియన్ 12 నుంచి స్వేచ్ఛారహిత (స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాని) ఫర్మ్‌వేర్ కూడా అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది, దానితో అంతకుముందు వైఫై రాని ఎన్నో యంత్రాలకు ఇన్‌స్టాలేషన్ సమయంలోనే వైఫై వస్తోంది. తేదీలేని నివేదిక ఇవేవీ చెప్పలేదు. అలాగే నివేదికలన్నిటినీ కలిపి సగటు తీసి ఐదు నక్షత్రాల్లో మూడున్నర అని చూపించడం నా దృష్టిలో సమాచారాన్ని చెరిపేయడమే. ఏ వెర్షన్‌లో ఎంతమందికి పనిచేసింది, ఎంతమందికి చేయలేదు అన్నది ఉన్నదున్నట్టు చూపాలి. అమ్ముకునేవాళ్లు పొగడ్తలు గుమ్మరించకుండా, యంత్రం నుంచి నేరుగా తీసిన వివరాలు జతచేసిన నివేదికకే ఎక్కువ బరువు ఇవ్వాలి.

అలా నేరుగా తీసేటప్పుడు ఒక ప్రమాదం ఉంది, దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. హార్డ్‌వేర్ వివరాలు తీసే ఆదేశాలు చాలావరకు సీరియల్ నంబర్లను, నెట్‌వర్క్ కార్డు మ్యాక్ చిరునామాను (ఆ కార్డుకు ఇచ్చే ప్రత్యేక సంఖ్యను) కూడా తెస్తాయి. వాటితో ఒక యంత్రాన్ని, యంత్రంతో మనిషిని గుర్తుపట్టవచ్చు. హ్యాష్ చేసి, అంటే వెనక్కి తిప్పలేని సంకేతంగా మార్చి దాస్తే చాలని కొందరు అనుకుంటారు, అది చాలదు. మ్యాక్ చిరునామాలోని 48 బిట్లలో మొదటి 24 సాధారణంగా కంపెనీని సూచిస్తాయి. కంపెనీ ఏదో నివేదికలోనే ఉంటుంది కాబట్టి మిగిలేవి 24 బిట్లే, అంటే 1,67,77,216 అవకాశాలు మాత్రమే. వాటన్నిటికీ హ్యాష్ లెక్కకట్టి పోల్చి చూడటం మామూలు కంప్యూటర్‌కు కూడా పెద్ద పని కాదు. అందుచేత ఇలాంటి వివరాలు వాడేవాడి యంత్రం దాటకముందే పూర్తిగా తొలగిపోవాలి, ఏమి పంపుతున్నామో అతనికి చూపించి, సరేనన్న తరవాతే పంపాలి.

ఇక ఈ డేటాబేస్ ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న మిగిలింది. అన్నిటికంటే పెద్దది ఇదే. 1990లలో సంగీతం సీడీలను కంప్యూటర్‌లో పెడితే పాటల పేర్లు కనిపించేవి కావు, ఎందుకంటే చాలా సీడీలలో పేర్లు ఉండేవే కావు. సీడీడీబీ అనే డేటాబేస్ కోసం లోకమంతటా వినియోగదారులు ఒక్కొక్క డిస్కు పాటల పేర్లను ఓపికగా టైపు చేసి పంపారు. 1998లో అది ఒక కంపెనీ చేతిలోకి వెళ్లి, తరవాత గ్రేస్‌నోట్‌గా మారింది. లైసెన్సు లేని ప్రోగ్రాములకు తలుపులు మూసుకున్నాయి. 2008లో సోనీ దాన్ని సుమారు 26 కోట్ల డాలర్లకు కొన్నది. పాటల పేర్లు టైపు చేసినవాళ్లు తమ శ్రమఫలాన్ని బయట నిలబడి చూడవలసి వచ్చింది. పాత డేటాతో పుట్టిన ఫ్రీడీబీ అనే ఉచిత డేటాబేస్ 2020 దాకా నడిచి ఆగిపోయింది. అదే ఆవేదన నుంచి పుట్టిన మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే సంగీత డేటాబేస్ తన ముఖ్య సమాచారాన్ని ఎవరైనా వాడుకునేలా వదిలేసి నేటికీ నడుస్తోంది.

కాబట్టి మొదటి నివేదిక చేరకముందే లైసెన్సు తేల్చుకోవాలి. ఆలస్యమైతే ఏమవుతుందో, జనం కలిసి గీసే ప్రపంచ పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనుభవం చెబుతుంది. 2004లో మొదలైన ఆ ప్రాజెక్టు 2012లో కొత్త లైసెన్సుకు మారేటప్పుడు, అప్పటిదాకా సమాచారం ఇచ్చినవారి అంగీకారం అడగవలసి వచ్చింది, ఒప్పుకోనివారి సమాచారాన్ని తొలగించవలసి వచ్చింది. దీనితోపాటు మొత్తం డేటాబేస్ ప్రతిని క్రమం తప్పకుండా ఎవరైనా దించుకునే వీలుండాలి. నిర్వాహకులు అలసిపోవచ్చు, సర్వర్ ఖర్చు భరించలేకపోవచ్చు. అప్పుడు ఆ ప్రతి ఉన్న మరొకరు పనిని అందుకోగలుగుతారు. చెడ్డవాళ్ల వల్ల పోయిన సామూహిక ప్రయత్నాల కంటే మంచివాళ్లు అలసిపోవడం వల్ల పోయినవే ఎక్కువని నేను నమ్ముతున్నాను.

ఈ దారిలో నడిచినవాళ్లు ఇప్పటికే ఉన్నారు. ప్రింటర్లకు ఓపెన్‌ప్రింటింగ్, స్కానర్లకు సేన్, రూటర్లకు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పట్టికలు ఉన్నాయి. పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో నడిచే పరికరాలకు హెచ్‌-నోడ్, లినక్స్ కంప్యూటర్లకు లినక్స్ హార్డ్‌వేర్ అనే ప్రాజెక్టు ఉన్నాయి. వీటిని కాదని మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టడాన్ని నేను సమర్థించను. గుర్తింపు సంఖ్యల ఆధారంగా వీటిని ఒకదానితో ఒకటి అనుసంధానించి, సాంకేతిక పరిజ్ఞానం లేని మనిషి కూడా ఒకే చోట అడిగి తెలుసుకునేలా చేయడమే ఇప్పుడు లోపించిన పని. కంపెనీల జాబితాలు ఉన్నాయి కదా అని కొందరు అడుగుతారు. విండోస్ ఎన్‌టీ కాలంలో మైక్రోసాఫ్ట్ కూడా హార్డ్‌వేర్ అనుకూలత జాబితా ఇచ్చేది. అలాంటి జాబితాలు అవసరమే, కానీ అమ్మకం ఆగిపోయిన పరికరాన్ని కొత్త వ్యవస్థతో మళ్లీ పరీక్షించవలసిన అవసరం కంపెనీకి ఉండదు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేక, ప్రాసెసర్ పాతదై విండోస్ 11కు అర్హత లేని యంత్రాలు ఎన్నో బాగా పనిచేసే స్థితిలోనే ఉన్నాయి. వాటికి మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి వాడుకోవచ్చా, చెత్తలో వేయాలా అన్నది తేల్చుకోవడానికి వాటి యజమానికి కావలసింది ఈ సమాచారమే.

పత్రికగా మీరు చేయగల సహాయం ఒకటుంది. ఏ పరికరాన్ని సమీక్షించినా దానిలోని చిప్ పేరును, గుర్తింపు సంఖ్యను, హార్డ్‌వేర్ వెర్షన్‌ను, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద పరీక్షించారో ఆ వెర్షన్‌ను సమీక్ష చివర ఒక్క వాక్యంలో ప్రచురించండి. పాఠకులకు నా మనవి కూడా అలాంటిదే. ఈసారి మీరు ఏదైనా పరికరం తగిలించినప్పుడు అది పనిచేసినా, చేయకపోయినా ఆ సంఖ్యలు రాసుకుని, నేను పైన చెప్పిన ప్రాజెక్టుల్లో దానికి తగినదానికి పంపండి. పనిచేయకపోతే మాత్రం తప్పకుండా పంపండి.

ఇట్లు,
మీ పాఠకుడు