రామప్ప దాకా వచ్చి కోటగుళ్లు చూడకుండా వెళ్తున్నారు

సంపాదకులు గారికి నమస్కారం.

రామప్ప గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చాక ఆ గుడి ఉన్న పాలంపేటకు వచ్చే జనం పెరిగారు. మేడారం జాతర రోజుల్లో అయితే చెప్పనక్కర్లేదు. సంతోషమే. కానీ వాళ్లలో చాలామంది దర్శనం చేసుకుని, నంది దగ్గర ఫొటో దిగి, చెరువు కట్ట మీద కాసేపు కూర్చుని తిరుగుముఖం పడుతున్నారు. పది కిలోమీటర్ల అవతల ఘనపురంలో కోటగుళ్లు ఉన్నాయని అక్కడ చెప్పేవాళ్లే కనబడరు.

రాతి ప్రాకారం లోపల గణపేశ్వరాలయం, దాని చుట్టూ చిన్న గుళ్లు, అన్నీ కలిపి 22. ఇవీ కాకతీయుల కాలం నాటివే. చాలావరకు శిథిలమయ్యాయి. శిథిలమయ్యాయి కాబట్టే చూడాలంటాను. రామప్ప గుడి నిండుగా నిలబడి ఉంది, అక్కడ మన కళ్లు శిల్పాల మీదే ఆగిపోతాయి. ఇక్కడ గోడ విరిగిన చోట రాయి మీద రాయి ఎలా కూర్చోబెట్టారో, దూలం ఎక్కడ ఆనుతుందో లోపలి పనితనమంతా కనబడుతుంది. ఇంజినీరింగ్ చదివే పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది?

అసలు రామప్పలో కూడా ఏం చూడాలో తెలియకుండానే వెళ్లిపోతున్నాం. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడికి పునాదిలో ఇసుక నింపారని, శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడారని వినే ఉంటాం. కానీ గోడలకు ఎర్ర ఇసుకరాయి, స్తంభాలకూ మదనికలనే స్త్రీ శిల్పాలకూ నల్లటి డోలరైట్ రాయి ఎంచుకున్నారని ఎంతమంది గమనిస్తారు? ఉక్కులా గట్టిగా ఉండే ఆ నల్లరాయిలో చూరు కింద నిలబడ్డ మదనికల నగలు విడివిడిగా కనబడతాయి. ఎనిమిది వందల ఏళ్ల ఎండావానా తిన్నా ఆ నునుపు తగ్గలేదు. ఇక్కడి నాట్య భంగిమల ఆధారంగానే నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. ఈ ఒక్క మాట చెబితే చాలు, పిల్లలు ఒక్కో శిల్పం దగ్గరా ఆగి చూస్తారు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. గర్భగుడి వాకిలి పక్కన వేణుగోపాలుడి శిల్పాన్ని తడితే స్వరాలు పలుకుతాయని తెలిసి, వచ్చినవాళ్లు దాన్ని వేళ్లతో, నాణేలతో కొడుతున్నారు. గుంపులో ఒకరు మొదలుపెడితే వెనకున్న అందరూ అదే పని. చూస్తుంటే ప్రాణం విలవిల్లాడుతుంది. రోజూ ఇన్ని దెబ్బలు తింటే ఎంత గట్టి రాయైనా అరగదా? దయచేసి ఎవరూ ఆ శిల్పాన్ని తాకవద్దు. దాని ముందు ఒక కంచె, ఒక మనిషి ఉండేలా చూడాలి.

అధికారులను కోరేది పెద్ద ఖర్చుతో అయ్యే పనేం కాదు. పాలంపేట, ఘనపురం ఊళ్లలో చదువుకున్న యువతకు శిక్షణ ఇచ్చి గైడ్లుగా పెట్టండి. ఊరి వాళ్లకు ఉపాధి, చూసేవాళ్లకు అవగాహన. ఏ శిల్పంలో ఏముందో తేలిక తెలుగులో బోర్డులు పెట్టండి. శని, ఆదివారాల్లో హనుమకొండ నుంచి పొద్దున బయల్దేరి, రామప్ప, కోటగుళ్లు రెండూ చూపించి సాయంత్రానికి తిరిగొచ్చే ఒక బస్సు వేయండి. స్కూళ్ల విహారయాత్రలు మొదలయ్యే లోపు కనీసం ఆ బస్సు అయినా నడిస్తే, ఈ ఏడాది పిల్లలు కోటగుళ్లు చూడగలుగుతారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హనుమకొండ