అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదువు

ఒరేయ్ సూరీ,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. మల్కాజిగిరిలో రెండు బెడ్‌రూముల ఫ్లాటు, 1996లో కట్టిన బిల్డింగు, పైన టెర్రస్ తప్ప ఇంకో అంతస్తు లేదు, ధర 45 లక్షలు. బాగానే ఉంది. కానీ చివర్లో "కాస్త పెయింటు వేయించి అద్దెకిచ్చేస్తే ఈఎంఐ దానంతట అదే తీరిపోతుంది" అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. ఫోన్లో చెబితే నన్ను సగంలోనే ఆపేసి నీ లెక్కలు చెబుతావు. అందుకే ఉత్తరం.

ముందు డబ్బు సంగతి. 45 లక్షల ఫ్లాటుకి బ్యాంకు మహా అయితే 80 శాతం ఇస్తుంది, అంటే 36 లక్షలు. అదీ బ్యాంకు మనిషి వచ్చి ఆ ఫ్లాటుకి 45 లక్షల విలువ కడితేనే. పాత బిల్డింగు కదా, తక్కువ కట్టాడనుకో, అప్పు కూడా తగ్గుతుంది. మిగిలిన 9 లక్షలు నీ జేబులోవి. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఖర్చు 2021 జూలై నుంచి 7.5 శాతం, అంటే ఇంకో 3 లక్షల 37 వేలు. దీన్ని లోన్లో కలపరు. బ్రోకర్ కమీషన్ వేరు. సుత్తి దెబ్బ ఒక్కటి కూడా పడకుండానే 12 లక్షలు దాటిపోయింది. ఇక 8.5 శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల అప్పంటే నెలకి 31 వేల పైచిలుకు ఈఎంఐ. అద్దె 15 వేలు వస్తుందని నువ్వే రాశావు. నెలనెలా ఆ 16 వేలూ ఎక్కడి నుంచి తెస్తావు? ఇల్లు ఖాళీగా ఉండే నెలలు, మెయింటెనెన్సు, ఇంటి పన్ను ఇందులో కలపనేలేదు.

కొనొద్దని కాదు. అద్దె చూసి కొనకు అంటున్నాను. నువ్వు పంపిన కాగితంలో 38 గజాల అవిభాజ్య వాటా ఉంది. యూడీఎస్ అంటారే, అది. నువ్వు నిజంగా కొంటున్నది ఆ నేల. గోడల విలువ ఏటా తరుగుతూ పోతుంది, రేపు బిల్డింగు పడగొట్టి మళ్లీ కట్టాల్సి వస్తే నీ చేతికి వచ్చేది ఆ గజాల లెక్కనే. కాబట్టి సేల్ డీడ్‌లో ఎన్ని గజాలు రాస్తున్నారో నువ్వే చూసుకో, బ్రోకర్ నోటిమాట నమ్మకు.

ఆర్నెల్లలో బాగుచేసి లాభానికి అమ్మేద్దామని కూడా నీ బుర్రలో ఉన్నట్టుంది. ఆ అమెరికా వీడియోలు చూడటం మానెయ్. ఇక్కడ నువ్వు 7.5 శాతం కట్టి కొంటావు, నీ దగ్గర కొనేవాడు మళ్లీ అంతే కట్టాలి, ఆ బరువు నువ్వు అడిగే ధర మీదే పడుతుంది. రెండేళ్లు నిండకుండా అమ్మితే లాభం నీ జీతంతో కలిపి స్లాబు ప్రకారం పన్ను. రెండేళ్లు దాటితే 12.5 శాతం. ఉద్యోగం చేసుకునేవాడికి ఆ ఆట గిట్టుబాటు కాదు.

కాగితాల విషయంలో నీకు కొత్తగా చెప్పేదేముంది, ఖమ్మంలో మీ నాన్నగారి స్థలానికి నువ్వే తిరిగావు. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, 1983 నుంచి ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. ఫ్లాటుకే కాదు, బిల్డరు కొనకముందు ఆ స్థలం ఎవరిదో కూడా లింక్ డాక్యుమెంట్లలో, అంటే పాత దస్తావేజుల్లో చూడు. సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉందేమో చూడు. సఫిల్‌గూడ చెరువుకి దగ్గరంటున్నావు, ఇది ఇంకా ముఖ్యం. హెచ్‌ఎండీఏ వాళ్ల చెరువుల సైటులో ఎఫ్‌టీఎల్ మ్యాపులు ఉంటాయి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్, అంటే కట్టకూడని జాగా. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక జనం ఈ మ్యాపులు చూడటం నేర్చుకున్నారు, నువ్వూ నేర్చుకో. మంజూరైన ప్లాన్ అడిగి, అందులో మీ అంతస్తు ఉందో లేదో చూడు. పైఅంతస్తు చాలాచోట్ల ప్లాన్లో లేకుండా లేపినదే. అలాంటిదైతే ఎంత చవకైనా వద్దు.

ఓనరు డల్లాస్‌లో ఉంటాడు, ఇక్కడ తమ్ముడు సంతకం పెడతాడు అన్నావు. ఇక్కడ జాగ్రత్త. తమ్ముడికి ఆ అధికారం ఇచ్చే కాగితాన్ని జీపీఏ అంటారు. దాన్ని అమెరికాలోని మన కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించాలి, ఇండియాకి వచ్చిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. అందులో అమ్మే అధికారం స్పష్టంగా రాసి ఉండాలి, చూసుకోవడానికి ఇచ్చిన జీపీఏతో అమ్మడం కుదరదు. ఓనరు అక్కడ బతికే ఉన్నాడని వీడియో కాల్‌లో మాట్లాడు, నవ్వకు, ఆయన పోతే ఆ జీపీఏ కూడా పోయినట్టే. ఇంకోటి, "50 లక్షల లోపే కదా, టీడీఎస్ లేదు" అని బ్రోకర్ అన్నాడన్నావు. టీడీఎస్ అంటే ధరలోంచి ముందే పట్టుకునే పన్ను. ఆ 50 లక్షల మాట ఇక్కడ ఉండే ఓనర్ల విషయంలో. ఎన్‌ఆర్‌ఐ అమ్మితే ఆ పరిమితి వర్తించదు, రేటు కూడా ఒక శాతం కాదు, చాలా ఎక్కువ. పన్ను పట్టుకుని కట్టాల్సింది కొనేవాడే, కట్టకపోతే నోటీసు నీకొస్తుంది. ఆడిటర్‌ని కలవకుండా అగ్రిమెంటు రాసుకోకు. అడ్వాన్సు కూడా బ్యాంకు ద్వారానే ఇవ్వు. 20 వేలు, ఆపైన నగదు ఇచ్చిపుచ్చుకోవడం చట్టం ఒప్పుకోదు.

ఇక బిల్డింగు. ఫోటోల్లో హాలుకి కొత్త ఫాల్స్ సీలింగ్ కనిపించింది. అమ్మకానికి పెట్టిన ఇంట్లో, అదీ పైఅంతస్తులో, ఓనరుకి ఆ సరదా ఎందుకు పుట్టిందంటావు? ఒక పలక విప్పి స్లాబు చూపించమను. తడి మరకలున్నాయా, పెచ్చులూడి ఇనుము కనిపిస్తోందా చూడు. చువ్వ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని బయటికి నెడుతుంది. దాని మీద సిమెంటు మెత్తి రంగు వేస్తే రెండు వానలకి మళ్లీ రాలుతుంది. పిల్లర్లలో నిలువు పగుళ్లుంటే స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని తీసుకెళ్లు. ఆయన ఫీజు నీకు దండగ అనిపిస్తుంది, ఇచ్చెయ్. టెర్రస్ ఎక్కి నీళ్లు నిలిచిన గుర్తులు చూడు. టెర్రస్ అందరిదీ కాబట్టి వాటర్‌ప్రూఫింగ్ అసోసియేషన్ చేయించాలి, కింది ఫ్లాట్ల వాళ్లేమో "కారేది మీ ఇంట్లో కదా" అంటారు. కొనేముందే అసోసియేషన్ సెక్రటరీతో కూర్చుని మాట్లాడు. పాత బాకీలు లేవని కాగితం తీసుకో, నీళ్ల సంగతి అడుగు. వాటర్‌బోర్డు నీళ్లు ఎన్ని రోజులకొకసారి, ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లు ఎన్ని, బోరు ఎంత లోతు. వీటికి వాచ్‌మన్ చెప్పే జవాబే నిజం. కారు పార్కింగ్ విడిగా అమ్ముతామంటే, స్టిల్టు, అంటే బిల్డింగు కింద పిల్లర్ల మధ్య ఉండే పార్కింగ్, అందరి ఉమ్మడి స్థలమని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పిందని గుర్తుచెయ్. పార్కింగ్ ఇవ్వకపోయినా ధర కాస్త దిగుతుంది.

చూడటానికి వెళ్తే పెద్ద వాన వెలిసిన మర్నాడు వెళ్లు. బాత్‌రూమ్ అవతలి గోడ మీద అరచెయ్యి ఆనించు. గోడ కింది భాగంలో ఉప్పులా తెల్లటి పొడి ఉంటే లోపల నీరు నడుస్తోందని అర్థం. కనిపించిన ప్రతి రిపేరుకీ మేస్త్రీతో అంచనా వేయించి, ఆ మొత్తం ధరలోంచి తగ్గించమని అడుగు. పాత ఫ్లాటులో లాభమేదైనా ఉంటే ఈ బేరంలోనే ఉంది, తర్వాత వేసే టైల్స్‌లో లేదు.

కొన్నావే అనుకో. పని నీళ్ల నుంచి మొదలుపెట్టు. తొంభైల నాటి జీఐ (ఇనప) పైపులు మన బోరు నీళ్లకి లోపల ఉప్పు పట్టి, తుప్పు తిని ఉంటాయి. గోడలు ఎలాగూ పగలగొడతావు కాబట్టి మొత్తం తీసేసి సీపీవీసీ (ప్లాస్టిక్) పైపులు వేయించు. బాత్‌రూమ్ నేల తవ్వి వాటర్‌ప్రూఫింగ్ చేయించాక, టైల్స్ వేయకముందు తూము మూసి నీళ్లు నిలబెట్టు. ఒకటి రెండు రోజులు ఉంచి కిందింటి సీలింగ్ చూసి రా. మేస్త్రీ "అక్కర్లేదు సార్, గ్యారంటీ" అంటాడు. గ్యారంటీ పనికి పరీక్ష అంటే భయమెందుకని అడుగు.

తర్వాత కరెంటు. ఆ రోజుల్లో ఏసీలు, గీజర్లు ఇన్ని లేవు, వైర్లు సన్నగా ఉంటాయి. లైట్లకి 1.5, ప్లగ్గులకి 2.5, ఏసీకి, గీజరుకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయించి, బోర్డులో 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ, అంటే షాక్ కొడితే కరెంటు ఆపేసే స్విచ్, పెట్టించు. ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో మీటరు పెట్టి చూపించమను. ఇవయ్యాక ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్, చెక్కపని, ఆ తర్వాతే లప్పం (పుట్టీ), రంగు. తడిసిన గోడ పూర్తిగా ఆరనీ. నెల అద్దె పోతుందని తొందరపడి లప్పం పెట్టిస్తే వానాకాలానికి పొరలు పొరలుగా లేస్తుంది.

వంటగది, హాలు కలిపేద్దామని సరోజ చెల్లెమ్మ అందట. నాలుగున్నర అంగుళాల అడ్డగోడైతే ఇంజనీర్‌ని అడిగి తీయొచ్చు. దూలాన్ని, పిల్లర్‌ని మాత్రం పైపు కోసం కూడా చెక్కనివ్వకు. పాత టైల్స్ మీదే కొత్తవి అంటిస్తే చవక అంటారు, కానీ నేల ఎత్తు పెరిగి తలుపులన్నీ కింద కోయాలి. పాతవి డొల్లగా మోగుతుంటే వాటి మీద అసలు వద్దు.

అద్దెకిచ్చే ఇంటికి ఇటాలియన్ మార్బుల్, అద్దాల వార్డ్‌రోబ్‌లు వద్దురా. వచ్చేవాడు నీళ్లు, గాలి, బాత్‌రూమ్, పార్కింగ్ చూస్తాడు. నీ మార్బుల్‌కి వాడు నెలకి వెయ్యి కూడా ఎక్కువ ఇవ్వడు.

పని మొత్తం ఒకడికే గుత్తకి ఇచ్చినా, మెటీరియల్ నువ్వే కొను. ఏ పనికి ఎంతో కాగితం మీద రాయించి, పని నడిచిన కొద్దీ డబ్బివ్వు, చివరి పది శాతం నీళ్ల పరీక్ష అయ్యేదాకా ఆపు. అనుకున్న ఖర్చు మీద ఇంకో ఇరవై శాతం పక్కన పెట్టుకో, గోడ పగిలాక ఏం బయటపడుతుందో ఎవడికీ తెలీదు. బిల్లులన్నీ దాచు. అద్దె ఆదాయం మీద నువ్వు ఎంత రిపేరు చేయించినా 30 శాతమే తగ్గింపు ఇస్తారు, కానీ ఇంటి విలువ పెంచే పనుల ఖర్చు రేపు అమ్మినప్పుడు లాభంలోంచి తీసేయొచ్చు.

లింక్ డాక్యుమెంట్లు, జీపీఏ ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపు, నాకు తెలిసిన లాయరుకి చూపిస్తాను. ఈలోగా ఓనరు తమ్ముడు ఇంకెవరో పార్టీ వచ్చిందని ఫోన్ చేస్తాడు, చేయనీ. ఫాల్స్ సీలింగ్ విప్పే రోజు చెబితే నేను కూడా వస్తాను.

నీ
రాము

తా.క.: తూర్పు గుమ్మం అని మీ అమ్మగారు సంతోషపడుతున్నారు కదా, ఆవిడకి ఈ ఉత్తరం చూపించకు.