విషయం: పికప్ వెనక బంపర్ సరిచేయకుండానే నా ఫిర్యాదు మూసేసిన సంగతి

కస్టమర్ కేర్ ముఖ్య అధికారి గారికి,

అయ్యా,

"మీ ఫిర్యాదు పరిష్కరించాం, ధన్యవాదాలు" అని నిన్న మీ మెసేజ్ వచ్చింది. బయటికెళ్లి బండి చూశాను. బంపర్ ఎడమ పక్క రెండు వేళ్ల మందం కిందికి దిగే ఉంది. కుడి పక్క, వెనక డోరు దించినప్పుడల్లా గీసుకుంటూనే ఉంది. మరి ఎవరి బండి బాగుచేశారో ఆయనకు నా శుభాకాంక్షలు చెప్పండి.

సంగతి చిన్నదే. వెనక లారీ తగిలితే ఇన్సూరెన్స్ కింద మీ సర్వీస్ సెంటర్లోనే కొత్త బంపర్ వేశారు, వంకరగా వేశారు. మదనపల్లెలో మా వీధి మెకానిక్ కింద దూరి చూసి, "బ్రాకెట్ రంధ్రాలు కోలగా పెట్టేదే ఇందుకన్నా. బోల్టులు వదులు చేసి, జాకీతో ఎత్తిపట్టి, రెండు పక్కలా సమానం చూసి బిగిస్తే అయిపాయె" అన్నాడు. బయట చెయ్యి పడితే వారంటీ పోతుందని మీవాళ్లే బెదిరించారు కాబట్టి ఆగాను.

మొదటి అడ్వైజర్ బండి చుట్టూ తిరిగి, "నేల ఎగుడుదిగుడు సార్, అందుకే అలా కనిపిస్తోంది" అన్నాడు. నిలబెట్టింది మీ వర్క్‌షాప్ నున్నటి గచ్చు మీద! ఇంకొకాయన లోడు బండికి బంపర్ ఇలాగే ఉంటుందన్నాడు. జాబ్ కార్డులో ఆ మాటే రాసివ్వమంటే సిస్టమ్ పనిచేయడం లేదట. మేనేజర్ గారు ఎప్పుడు వెళ్లినా మీటింగే. అద్దాల గదిలో ఒక్కరే కూర్చుని ఫోను చూసుకోవడాన్ని మీటింగంటారని నాకేం తెలుసు? ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని అడగమన్నారు. "నాది లెక్క కట్టే పని, బోల్టు బిగించే పని కాదు" అన్నాడాయన. అదీ న్యాయమే.

టోల్ ఫ్రీలో తెలుగు కావాలని నొక్కితే హిందీ పలికింది. వాట్సాప్‌లో ఫోటోలు పంపితే నీలం టిక్కులు పడ్డాయి, జవాబు పడలేదు. చివరికి ఒక అమ్మాయి తనంతట తానే ఫోన్ చేస్తే ప్రాణం లేచొచ్చింది. "సార్, మా సర్వీసుకు పదికి పది ఇవ్వండి, లేకపోతే నాకు ఇబ్బంది" అంది. ఆ పిల్లను ఏమనగలను?

మా నాన్న కాలం నుంచీ మా ఇంట్లో మీ బండ్లే. నా మాట నమ్మి మా బావమరిదీ మీదే కొన్నాడు. చెన్నై కోయంబేడు మార్కెట్‌కు టమాటా తోలే మా మార్కెట్ యార్డు డ్రైవర్లు "ఏ బండి తీసుకుందామన్నా" అని ఇప్పటికీ నన్నే అడుగుతారు. ఇకమీదట ఏం చెప్పాలో మీరే రాసివ్వండి.

సరుకు బండి కదా, వీడు వినియోగదారుడు కాడు అని మీ లాయరు అనొచ్చు. పొట్టకూటికి స్వయంగా తోలుకునేవాడూ వినియోగదారుడేనని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు కూడా లేదు. అప్పటికీ కదలకపోతే బండి తెచ్చి మీ షోరూమ్ గేటు ముందు, కొత్త బండ్లు చూడవచ్చేవాళ్లకు వెనక భాగం కనబడేలా నిలబెడతాను. పక్కన ఫ్లెక్సీ కూడా కట్టిస్తా.

బంపర్ సరిచేస్తారో, వారంటీ పోదని కాగితం ఇస్తారో, పని తెలిసిన మనిషినొకణ్ణి మాట్లాడిస్తారో మీ ఇష్టం. ఏదో ఒకటి చేయండి. స్పీడ్ పోస్టులో పంపుతున్నాను, అందలేదనే మాట ఈసారి కుదరదు.

ఇట్లు,
మీ లెక్కలో సమస్య తీరిపోయిన కస్టమర్,
మదనపల్లె